సుశీలా? జానకా? ముందు మిర్చి యార్డుకెళ్లి రండి!

చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా హైవే మీద ఏ టీ కొట్టు దగ్గరైనా ఆగండి. పాత పాట ఒకటి మోగుతోందంటే చాలు, ఓ పందెం మొదలైపోతుంది. "సుశీలమ్మ ముందు ఎవరైనా దిగదుడుపే" అంటాడు ఒకాయన. "జానకమ్మ పాడినట్టు ఒక్కళ్లని పాడమను చూద్దాం" అంటాడు ఇంకొకాయన. మధ్యలో ఓ కుర్రాడు దూరి "చిత్ర గారిని మర్చిపోయారేంటి బాబాయ్" అంటాడు. టీ చల్లారిపోతుంది గానీ పందెం తేలదు. ఇప్పుడు అదే పందెం వాట్సాప్ గ్రూపుల్లోకి, రీల్స్ కింద కామెంట్లలోకి వచ్చి చేరింది. అక్కడా తేలట్లేదు.

ఎలా తేలుతుంది? గుంటూరు మిర్చి యార్డుకెళ్లి "అన్నా, ఏ మిరపకాయ గొప్పది?" అని అడిగి చూడండి. కొనేవాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి "దేనికి?" అంటాడు. ఘాటు కావాలా, తేజ తీసుకో. రంగు కావాలా, బ్యాడిగి తీసుకో. కాయని విరుస్తాడు, గింజ చూస్తాడు, చేత్తో నలిపి తేమ ఎంతుందో పట్టేస్తాడు, అప్పుడు గానీ రేటు చెప్పడు. తేజ ముందు బ్యాడిగి దిగదుడుపే అని అక్కడ ఎవరూ అనరు. అన్నవాడికి వ్యాపారం తెలీదని లెక్క.

మిరపకాయకి మనం ఇచ్చే ఆ మర్యాద, పాట పాడే ఆడవాళ్ల గొంతుకి కూడా ఇద్దాం. ఈ వారం సంగతి అదే.

లెక్కలతో తేలదు

సరే, లెక్కలు చూద్దాం అంటారా? చూడండి. సుశీల గారికి 5 జాతీయ అవార్డులు. అసలు ఉత్తమ గాయని అనే జాతీయ అవార్డు 1968 సినిమాలతో మొదలైతే, మొట్టమొదటిది అందుకున్నది ఆవిడే. విజయనగరం అమ్మాయే గానీ, ఆ అవార్డు తెచ్చింది మాత్రం 'ఉయర్ంద మనిదన్' అనే తమిళ సినిమాలో పాట. 2016లో గిన్నిస్ వాళ్లు ఆవిడ పాటల్ని 17,695గా లెక్కగట్టి రికార్డు ఇచ్చారు.

జానకి గారికి 4 జాతీయ అవార్డులు. రెండు తమిళానికి, ఒకటి మలయాళానికి, ఒకటి తెలుగుకి. ఆ తెలుగుది 1984లో వచ్చిన 'సితార'. ఇక చిత్ర గారికి 6. ఈ ముగ్గురిలో ఎక్కువ ఆవిడవే. కానీ ఆ ఆరింట్లో తెలుగు పాట ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు! అంటే చిత్ర తెలుగులో గొప్పగా పాడలేదనా? 1990ల్లో పుట్టిన ఏ తెలుగు పిల్లాడినైనా అడగండి, నవ్విపోతాడు.

2013లో జానకి గారికి పద్మభూషణ్ ప్రకటిస్తే ఆవిడ తీసుకోనన్నారు. చాలా ఆలస్యమైందని, దక్షిణాది కళాకారులకి తగిన గుర్తింపు ఇవ్వట్లేదని మొహం మీదే చెప్పేశారు. అవార్డుల తూకం సరిగ్గా లేదని పాడినావిడే అంటుంటే, మనం ఆ తూకం పట్టుకుని కొట్టుకోవడం ఎందుకు?

మూడు పరీక్షలు, ఇయర్‌ఫోన్స్‌తో

గొంతుల్ని పోల్చాలంటే మంచి పద్ధతి ఒకటుంది. సంగీత దర్శకుడు ఒకరే ఉండాలి, సినిమా ఒకటే ఉండాలి, గొంతులు మాత్రం రెండుండాలి. అప్పుడు తేడా ఎక్కడ ఉందో మీ చెవే చెబుతుంది. మూడు సినిమాలు చాలు.

మొదటిది 'మిస్సమ్మ' (1955). సంగీతం సాలూరి రాజేశ్వరరావు. సావిత్రికి పి. లీల పాడారు, జమునకి సుశీల పాడారు. లీల గొంతు కాస్త బరువు, కచేరీ గొంతు. స్వరం మీద నిలబడితే కదలదు. సుశీల అప్పటికి కొత్త. సినిమాల్లోకి వచ్చి రెండేళ్లే అయింది, పెండ్యాల నాగేశ్వరరావు 'కన్నతల్లి' (1953)లో అవకాశం ఇచ్చారు. కానీ 'మిస్సమ్మ'లో వినండి, ప్రతి అక్షరం కడిగిన ముత్యంలా వినిపిస్తుంది. ఒత్తులు, పొల్లులు దేన్నీ మింగరు. తెలుగు సరిగ్గా రానివాడు కూడా సుశీల పాట విని రాసుకోగలడు.

రెండోది 'లవకుశ' (1963). తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా, సంగీతం ఘంటసాల. ఇందులో లీల, సుశీల ఇద్దరూ ఒకే పాటలో కలిసి పాడతారు, లవుడికొకరు కుశుడికొకరు. మొదటిసారి వింటే ఒకే గొంతనిపిస్తుంది. మూడోసారి విన్నప్పుడు విడిపోతాయి. ఇంకో మాట. మన ఊళ్లలో శ్రీరామనవమి పందిరి కింద 60 ఏళ్లుగా మైకులో మోగుతున్న ఆ రెండు గొంతుల్లో ఒకటి, పి. లీలది, కేరళ పాలక్కాడు ప్రాంతం నుంచి వచ్చింది. మలయాళీ గొంతుతో రామాయణం విని పెరిగిన తెలుగువాళ్లం మనం.

మూడోది 'శంకరాభరణం' (1980). సంగీతం కె.వి. మహదేవన్. ఇందులో వాణీ జయరామ్ ఉన్నారు, జానకి కూడా ఉన్నారు. వాణీ గారిది నున్నటి, సన్నటి, ఎక్కడా వణకని గొంతు. గీత గీసినట్టు పాడతారు. ఈ సినిమాకి జాతీయ అవార్డు ఆవిడకే వచ్చింది. జానకి అలా కాదు, పాటలోకి ఓ మనిషిని తీసుకొస్తారు. నవ్వు, సిగ్గు, చిన్న నిట్టూర్పు, గొంతులో ఓ జీర. తమాషా ఏంటంటే, అంత భావం పలికించే ఆవిడ మైకు ముందు బొమ్మలా కదలకుండా నిలబడతారు. వేదిక మీద పాడే వీడియోలు చూడండి, మొహంలో ఏ కదలికా కనపడదు. ఉన్నదంతా గొంతులోనే.

ఈ మూడు పరీక్షలు అయ్యాక మీరే గమనిస్తారు, "ఎవరు గొప్ప" అనే మాట దానంతటదే పక్కకి పోతుంది. మాట స్పష్టంగా కావాలంటే సుశీల. నిలకడకి లీల. శాస్త్రీయం తేలిగ్గా జారాలంటే వాణీ. మనిషి కనపడాలంటే జానకి. తేజ తేజే, బ్యాడిగి బ్యాడిగే.

మన నేల గొంతులు

ఇప్పుడు ఊళ్ల లెక్కకొద్దాం. జానకి గారు పుట్టింది మనకాడే. పాత గుంటూరు జిల్లా, రేపల్లె దగ్గర పల్లపట్ల. 1938. చిన్నతనం ఎక్కువగా తెలంగాణలోని సిరిసిల్లలో గడిచింది. పాట పాఠాలు చెప్పిన పైడిస్వామి గారు నాదస్వర విద్వాంసుడు. ఈ సంగతి తెలిశాక 'మురిపించే మువ్వలు' (1962)లో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడి ఆవిడ పాడిన పాట వినండి. సన్నాయి వాద్యం దగ్గర నేర్చుకున్న పిల్ల, సన్నాయికే సవాలు విసిరినట్టుంటుంది. ఆ పాట అయ్యేసరికి మీరు ఊపిరి బిగబట్టి ఉంటారు, ఆవిడ మాత్రం ఉండరు.

ఒంగోలు వైపు వెళ్తే దొడ్డవరం. భానుమతి గారి ఊరు. 'వరవిక్రయం' (1939)తో మొదలుపెట్టి, నటించిన పాత్రకి తానే పాడుకున్న మనిషి. దీనివల్ల ఏం జరిగిందంటే, ఆవిడ పాటలో వేరే వాళ్ల మొహానికి సరిపెట్టుకోవడం అనేది లేదు. మాట్లాడే భానుమతి, పాడే భానుమతి ఒకరే. ఆ ధీమా, ఆ కాస్త పొగరు రెండూ పాటలోనూ ఉంటాయి. 'స్వర్గసీమ' (1945)లో పావురం పాట ఉంది కదా, దాని వెనుక 'బ్లడ్ అండ్ శాండ్' అనే హాలీవుడ్ సినిమాలో విన్న ఓ కూనిరాగం ఉంది. 80 ఏళ్ల క్రితమే ఒంగోలు పక్క పల్లెటూరి అమ్మాయి ఇంగ్లిష్ సినిమా రాగాన్ని తెచ్చి తెలుగు చేసేసింది. ఇప్పుడు దాన్నే మనం ఫ్యూజన్ అంటున్నాం. తర్వాత 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తానే డైరెక్ట్ చేశారు.

ప్రకాశం జిల్లాకి పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు సూర్యకుమారి పేరు విన్నారా? పుట్టింది రాజమండ్రిలో. మనం బడిలో నిలబడి పాడే రాష్ట్ర గీతం, శంకరంబాడి సుందరాచారి రాసింది, గ్రామఫోను రికార్డు మీద ఊరూరికీ చేరింది ఆవిడ గొంతుతోనే. 1952లో మిస్ మద్రాస్. 1961లో న్యూయార్క్‌లో టాగూర్ నాటకంలో నటించి విమర్శకుల అవార్డు అందుకున్నారు. తర్వాత లండన్‌లో స్థిరపడి 2005లో అక్కడే కన్నుమూశారు. పాట మనందరికీ నోటికొచ్చు. పాడినావిడ పేరు ఎంతమందికి తెలుసు?

పేరు ఎక్కడ?

అసలు గొడవ ఇక్కడుంది. ఎవరు గొప్ప అని కొట్టుకునే మనం, పాడింది ఎవరో చూడం. ఇది ఈనాటిదీ కాదు. 1949లో 'మహల్' అనే హిందీ సినిమా వచ్చింది. అందులో మధుబాలకి లతా మంగేష్కర్ పాడిన పాట దేశమంతా ఊపేసింది. రికార్డు మీద మాత్రం గాయని పేరు 'కామిని' అని వేశారు. కామిని ఎవరంటే, సినిమాలో పాత్ర! రేడియోలో విన్నవాళ్లు ఆ గొంతు ఎవరిదని అడగడం మొదలుపెట్టాక గానీ లత పేరు బయటికి రాలేదు.

ఇప్పుడు మీ ఫోన్ చూడండి. పాత పాటల వీడియోల మీద "ఎన్టీఆర్ హిట్స్", "ఏఎన్నార్ సూపర్ హిట్స్" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. పాడినావిడ పేరు వెతుక్కోవాలి. కొన్నిచోట్ల వేరొకరి పేరు ఉంటుంది. రీల్స్‌లో అయితే ఆ గొడవే లేదు, పాటలో 15 సెకన్లు కోసి "ఒరిజినల్ ఆడియో" అని పెట్టేస్తారు.

'రోజులు మారాయి' (1955)లో ఏరువాక పాట తీసుకోండి. పొలం పని మీద తెలుగు సినిమాలో వచ్చిన పాటల్లో దాన్ని మించింది చెప్పడం కష్టం. రాసింది బాపట్ల దగ్గర అప్పికట్లలో పుట్టిన కొసరాజు రాఘవయ్య చౌదరి. తెర మీద ఆడింది వహీదా రెహమాన్, అప్పటికింకా బొంబాయి వెళ్లలేదు. సంగీతం మాస్టర్ వేణు. ఇవన్నీ చాలామంది చెబుతారు. పాడింది జిక్కి అని ఆఖర్న ఎవరో గుర్తు చేయాలి. గొంతులో ఆ చిలిపితనం, ఆ విసురు లేకపోతే ఆ పాట ఏముంది చెప్పండి?

ఈమధ్య సంగతులూ ఇలాంటివే. 2021లో 'లవ్ స్టోరీ' సినిమా కోసం మంగ్లీ పాడిన సారంగ దరియా దుమ్ము దులిపేసింది. అది పల్లె జనం నోట్లో ఎన్నాళ్లుగానో ఉన్న పాట. సినిమాకెక్కాక, దాన్ని ముందుగా సేకరించింది ఎవరు, పేరు ఎవరికి దక్కాలి అని పెద్ద చర్చే నడిచింది. 'భీమ్లా నాయక్' దగ్గర మాత్రం మంచి పని జరిగింది. మంచిర్యాల జిల్లా నుంచి వచ్చిన కుమ్మరి దుర్గవ్వ చేత అడవితల్లి పాట పాడించి, సాహితి చాగంటి పేరుతో పాటు ఆమె పేరూ వేశారు. 2018లో తూర్పుగోదావరి జిల్లా వడిసలేరులో కూలి పని చేసుకునే పసల బేబి పాడిన ఓ పాట ఫోన్ వీడియోగా బయటికొచ్చి, ఆమెని సినిమా వాళ్ల దాకా తీసుకెళ్లింది. ఒక ఫోను, ఒక పేరు. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో చూశాం కదా.

కొత్త గొంతు దొరికే దారులు

"నాకు నచ్చే కొత్త సింగర్లు దొరకట్లేదు" అనేవాళ్లకి ఓ మాట. యాప్ మీకు చూపించేది ఎక్కువగా మీరు ఇప్పటికే విన్న రకమే. పప్పు బాగుందన్నామని రోజూ పప్పే వడ్డించినట్టు. కాబట్టి వెతుకులాట మనమే చేయాలి. దారం పట్టుకుని పోతే చాలు.

ఒక దారం సంగీత దర్శకుడు. 'మేఘసందేశం' (1982)లో సుశీల నచ్చారా? సంగీతం రమేష్ నాయుడు. ఆయన మిగతా సినిమాలు తెరవండి, ఇంకో నాలుగు గొంతులు దొరుకుతాయి.

ఇంకో దారం పాత రేడియో. రావు బాలసరస్వతీ దేవిని తెలుగులో తొలి నేపథ్య గాయని అంటారు. ఆవిడ లలిత గీతాలు రాత్రి భోజనాలయ్యాక మేడ మీద వినాల్సినవి. శ్రీరంగం గోపాలరత్నం గారి అన్నమయ్య కీర్తనలు పొద్దున్నే వినండి. ఇద్దరి గొంతులూ సినిమా గొంతుల్లా ఉండవు. మొదట్లో కాస్త వింతగా ఉంటుంది. రెండు రోజులాగి మళ్లీ వినండి.

మూడోది నాకు ఇష్టమైన దారం. పంట. మనది పత్తి నేల కదా, పత్తి పండే వేరే నేలల్లో ఆడవాళ్లు ఏం పాడారో చూద్దాం అని వెళ్లండి. ఈజిప్టులో నైలు డెల్టా అంటే పత్తికి పెట్టింది పేరు. అక్కడి ఓ పల్లెలో ఇమాము కూతురు ఉమ్ కుల్సూమ్. ఆడపిల్ల నలుగురిలో పాడితే బాగోదని చిన్నప్పుడు మగపిల్లాడి బట్టలేసి పాడించారు. పెద్దయ్యాక నెలకోసారి గురువారం రాత్రి రేడియోలో ఆవిడ కచేరీ ఉంటే, అరబ్బు దేశాలన్నీ పని ఆపి వినేవి. ఒక్క పాట గంట నడుస్తుంది. జనం కేకలేస్తే అదే లైను మళ్లీ మళ్లీ, ప్రతిసారీ కొత్తగా పాడతారు. తెనాలిలో పద్యనాటకానికి "వన్స్ మోర్" కొట్టిన తాతల మనవళ్లకి ఇది అర్థం కావడానికి అరబ్బీ రానక్కర్లేదు.

అటు అమెరికాలో మిసిసిపి. పాప్స్ స్టేపుల్స్ అనే ఆయన అక్కడి డాకరీ పత్తి తోటల్లో పెరిగి, షికాగోకి వలసపోయి, పిల్లలతో కలిసి స్టేపుల్ సింగర్స్ అనే బృందం పెట్టాడు. ఆయన కూతురు మేవిస్ స్టేపుల్స్. బరువైన గొంతు, నేలలోంచి వచ్చినట్టుంటుంది. నల్లవాళ్ల హక్కుల పోరాటంలో ఆ కుటుంబం పాడిన పాటలు వినండి. మాటలు అర్థం కాకపోయినా, ఎండలో పని చేసినవాళ్ల ఇంటి గొంతని తెలిసిపోతుంది.

చేలో పాట ఎవరిది?

అంతదూరం వెళ్లొచ్చాం కాబట్టి, మన చేలోకీ ఓసారి వద్దాం. జనవరి నుంచి మిరప కోతలు జోరందుకుంటాయి. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపుల నుంచి కుటుంబాలకి కుటుంబాలు మూటా ముల్లె సర్దుకుని మన ఊళ్లకొస్తాయి. ఊరి బయట గుడిసెలేసుకుని కోతలయ్యేదాకా ఉంటాయి. పొద్దున్నే చేలో, సాయంత్రం కళ్లంలో. కోసేది, తాలు కాయలు ఏరేది, తొడిమలు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే. ఘాటుకి కళ్లు మండుతుంటాయి, దగ్గొస్తుంటుంది. అలాంటి చోట కూడా ఒకావిడ ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఆ పాటల యాస వేరు, మాటలు వేరు. మనవైపు కోతల పాటలు మనకీ ఉన్నాయి, కాకపోతే అవి ఇప్పుడు ఎక్కువగా 60 దాటిన వాళ్ల నోళ్లలోనే మిగిలాయి. చాలా చేలల్లో ఇప్పుడు బ్లూటూత్ స్పీకరు పాడుతోంది, మనుషులు వింటున్నారు. దాన్నేమీ తప్పుపట్టట్లేదు, పని తేలికవుతుందంటే ఎవరు కాదంటారు? కానీ ఆ స్పీకర్లోకి రాని పాటలు, పాడే మనిషితో పాటే వెళ్లిపోతాయి.

పల్లపట్ల పిల్ల పాట మద్రాసు చేరింది కాబట్టి మనకి దక్కింది. దొడ్డవరం పిల్ల పాట సినిమాకెక్కింది కాబట్టి దక్కింది. చేలోనే ఆగిపోయిన గొంతుల సంగతి మనకి తెలీనే తెలీదు. అప్పట్లో రికార్డు కొట్టాలంటే మద్రాసు పోవాలి. ఇప్పుడు ఆ మెషీను మీ ప్యాంటు జేబులో ఉంది.

ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఓ పని చేయండి. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో, కోతకొచ్చిన పెద్దావిడనో అడగండి. "అమ్మా, ఓ పాట పాడతావా, రికార్డు చేసుకోనా?" అని అనుమతి తీసుకోండి. వద్దంటే వదిలేయండి. సరే అంటే పూర్తిగా పాడనివ్వండి, 15 సెకన్లకి కోయకండి. ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ పని చేసేటప్పుడు పాడతారో కూడా అడగండి. బయట పెట్టాలంటే మళ్లీ అడిగి పెట్టండి. ఆవిడకిష్టమైతే ఫైలు మీద ముందుగా ఆవిడ పేరు రాయండి, పక్కన ఊరి పేరు రాయండి.

ఆ తర్వాత కావాలంటే టీ కొట్టు దగ్గరికెళ్లి సుశీలా జానకా అని హాయిగా కొట్టుకోండి. ఈసారి మీ దగ్గర మూడో పేరు కూడా ఉంటుంది.